చంపని కణాలు

రాబిన్‌వేల్, విక్టోరియా
2004 ఆగస్టు 14

మేనత్తకి,

మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మన వావావు దీవిలో ఇప్పటికి చలి తగ్గే ఉంటుంది. ఇక్కడ మాత్రం పొద్దున్నే ద్రాక్ష తీగల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంటోంది. తీగలు కత్తిరించే కాలం. హెనెలీ చీకటితోనే తోటకి వెళ్తున్నాడు, సాయంత్రానికి వేళ్ళు వాచిపోయి వస్తున్నాడు. నేను ప్యాకింగ్ షెడ్డుకి వెళ్ళడం మానేశాను.

ఎందుకు మానేశానో ఈపాటికి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఈ కడుపు కూడా నిలవలేదు మేనత్తా. మూడోది. మూడు నెలలు దాటాయి కదా అని ఈసారి అమ్మ ధైర్యం చేసి చర్చిలో అందరికీ చెప్పేసింది. మళ్ళీ ఆదివారానికి ఆవిడే లేచి నిలబడి అందరికీ చెప్పాల్సి వచ్చింది. నాకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. వంట చేస్తాను, తినకుండా మూతపెట్టేస్తాను.

షెడ్డులో ఒకావిడ చెబితే మెల్‌బోర్న్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్ళాం. అక్కడి డాక్టరు నా రక్తం పరీక్ష చేయించి, కాగితం చూస్తూ, "మీలో సహజ హంతక కణాలు ఎక్కువగా ఉన్నాయమ్మా. అందరికీ ఉంటాయి, జబ్బుల్ని చంపడం వాటి పని. మీలో అవి బిడ్డని పరాయిదనుకుని చంపేస్తున్నాయి" అన్నాడు. "మీ నాన్నగారి వైపు ఎవరికైనా ఇలా జరిగిందా?" అని అడిగాడు. అమ్మ నేల చూపులు చూస్తూ కూర్చుంది. "నాన్న పోయారండీ. మా మేనత్త ఒక్కరే ఉన్నారు, ఆవిడనే అడగాలి" అన్నాను.

అందుకే అడుగుతున్నాను. నాన్న వైపు సంగతి మీరే చెప్పగలరు.

తిరిగొస్తుంటే బండి హెనెలీ నడిపాడు. పెట్రోలు కోసం ఆగినప్పుడు, "అయితే మన పిల్లల్ని మింగింది నువ్వేనన్నమాట" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. ఆయనకి అలాంటప్పుడే హాస్యం పుడుతుంది. నాకు నవ్వు రాలేదు. కాస్త దూరం పోయాక బండి పక్కకి ఆపి ఆయనే ఏడ్చాడు.

అలసిపోయాను మేనత్తా. ఇంతకంటే రాయలేను.

మీ మేనకోడలు
పిసిలా


లేఇమాతుఆ, వావావు
2004 సెప్టెంబరు 20

పిసిలా,

నీ ఉత్తరం నేయాఫు పట్నం పోస్టాఫీసులో పదిరోజులు పడి ఉంది. వెనిలా పూతకొచ్చింది, నేను ఊళ్ళోంచి కదల్లేదు. ఏ పువ్వుకి ఆ పొద్దునే పుల్లతో పుప్పొడి అంటించాలి, మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఫోను చెయ్యకూడదా అంటావేమో. ఫోను దుకాణంలో ఉంది. నేను మాట్లాడితే దుకాణం మొత్తం ఊపిరి బిగబట్టి వింటుంది.

నీ కడుపు సంగతి విన్నాను. విన్నరోజు అన్నం సయించలేదు. కానీ ఉత్తరం చదివాక ఇంకో రకంగా సయించలేదు.

నాన్న వైపు ఎవరు అని డాక్టరు అడిగాడన్నావు. మా మేనత్త ఒక్కరే ఉన్నారన్నావు. అమ్మ నేల చూసిందన్నావు. నాకు అర్థం కాదనుకున్నావా? కడుపు నిలవని ఆడపిల్లని చూస్తే మన దీవిలో ముందు ఆరా తీసేది ఆమె మేనత్త మనసు గురించే. మేనత్తకి ఏం తక్కువ చేశారు, ఆవిడ ఏమని నొచ్చుకుంది అని. మేనత్త మనసు నొస్తే బిడ్డ నిలవదంటారు కదా. ఆ మాట అడగడానికి నీకు ముఖం చెల్లక డాక్టరు నోట పెట్టావు. హంతక కణాలట. పేరు కూడా బాగానే పెట్టారు.

సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. నీ పెళ్ళిలో పెద్ద చాపా, కేకు పై అంతస్తూ ఆచారం ప్రకారం మేనత్తవి. నేను సిడ్నీ దాకా విమానమెక్కి వచ్చాను. అవి మీ మేనమామ పెళ్ళాం ఎత్తుకుపోయింది. నేను వెనక బల్ల దగ్గర కూర్చుని కోడి తిన్నాను. ఒక్క మాట అన్నానా? అనలేదు. మీ నాన్న సెమిసి నా ఒక్కగానొక్క తమ్ముడు. వాడి కూతురి కడుపు మాడాలని నేనెందుకు కోరుకుంటాను?

మీ హెనెలీ దూరపు బంధువు ఒకతను పండ్ల పనికి వస్తున్నాడు. అతని చేత సీసా పంపుతున్నాను. పువ్వులూ ఆకులూ వేసి నేనే కాచిన కొబ్బరినూనె. దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. పొత్తికడుపుకి రాసుకో. నీ మీద నాకు ఏ కోపమూ లేదని దేవుడి ముందు చెప్పాను. నీ ముందు కూడా చెబుతున్నాను.

మెలెనైతె


రాబిన్‌వేల్
2004 నవంబరు 7

మేనత్తకి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా అదే రాసి ఉంది.

నేను అలా అడగలేదు. డాక్టరు నిజంగానే అడిగాడు. ఇక్కడి డాక్టర్లు అందరినీ అడుగుతారు, మీ ఇంట్లో షుగరుందా, మీ ఇంట్లో గుండెజబ్బుందా అని. కేకు సంగతి నాకు తెలియనే తెలియదు. ఆ రోజు నా కాళ్ళకి చెప్పులు కరుస్తుంటే వాటి మీదే ధ్యాస నాకు. మీ మనసులో ఇన్నేళ్ళుగా అంత ఉందని తెలిసి బాధపడ్డాను. అమ్మకి చదివి వినిపించాను. "చూశావా, ఉన్నమాట బయటికొచ్చింది" అంది. ఆవిడ మాటలు మీకు తెలిసినవే కదా, పట్టించుకోకండి.

నూనె నాకు అందలేదు. అందులో ఆకులూ పువ్వులూ ఉన్నాయని ఎయిర్‌పోర్టులో తీసుకుని పారబోశారట. అతను పాపం సీసా అయినా ఇవ్వమని అడిగాడట, ఇవ్వలేదు.

నేను ఆ క్లినిక్ వాళ్ళు ఇచ్చిన బిళ్ళలు మింగుతున్నాను. హంతక కణాల పొగరు అణచడానికట. నా ముఖం పెండలం గడ్డలా ఉబ్బిపోయింది. నిద్ర పట్టదు, ఆకలి ఆగదు. అద్దంలో చూసుకుంటే నాన్న కనిపిస్తున్నాడు, చివరి రోజుల్లో ఉన్నట్టు. ఇవి ఆరునెలలు వాడాక మళ్ళీ ప్రయత్నించమన్నారు. హెనెలీ తోటలో రెండో పని కూడా పట్టాడు. బాదం తోటలకి నీళ్ళు పెట్టే పని. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, మాట్లాడుకునేది మాత్రం ఆదివారమే.

ఒక్కోసారి నా చెయ్యి నేనే చూసుకుంటాను. ఇందులో పారేది ఏ రకం రక్తం అని. నా ఒంట్లో నాకు తెలియకుండా ఒకడు కత్తి పట్టుకుని తిరుగుతున్నట్టుంటుంది. ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీరు కూడా కోపంగా ఉంటే ఇంకెవరికి చెప్పను?

పిసిలా


లేఇమాతుఆ
2005 జనవరి 16

సాలోమె కూతురికి,

నిన్ను ఈసారి మీ అమ్మ పేరుతోనే పిలుస్తున్నాను. మా తమ్ముడి కూతురు ఇలా రాయదు.

ఉన్నమాట బయటికొచ్చిందని మీ అమ్మ అందా? మంచిది. ఆ మాట రాబిన్‌వేల్‌లో ఆగలేదు. అక్కడ చర్చిలో అంటే ఇక్కడ చర్చిలో వినపడుతుంది. మనవాళ్ళకి ఫోనులున్నది ఎందుకు మరి. కొబ్బరినూనెలో ఏం విషం ఉంటుందని పారబోస్తారో నాకు తెలియదు. ఎవరు పారబోశారో కూడా నాకు తెలియదు. "మేనత్త పంపిన నూనె ముట్టుకోలేదట" అని మాత్రం ఊళ్ళో అనుకుంటున్నారు.

కొత్త సంవత్సరం ప్రార్థనల వారం ఇప్పుడే ముగిసింది. రోజూ రెండుపూటలా గంట కొడతారు. మొదటి రోజు నేను నా చాప మీద కూర్చున్నాను. పక్కన పాస్టరుగారి కొత్త కోడలు కూర్చుంది, ఆరోనెల. వాళ్ళత్త వెనకనించి జాకెట్టు పట్టుకుని లాగింది. "ఇటు రావే, ఇక్కడ గాలొస్తుంది" అంది. గాలి నా వైపే ఉంది. ఆ పిల్ల నా ముఖం చూడకుండా లేచి వెళ్ళిపోయింది. ఆ వారమంతా నా రెండు పక్కలా ఖాళీయే.

నాకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. చెట్టు బెరడుని కర్రలతో కొట్టి తాపా గుడ్డ చేసే షెడ్డులో నా కర్ర శబ్దం వింటే ముందు పాట అందుకునేవాళ్ళు ఆడవాళ్ళు. ఇప్పుడు నేను వెళ్తే కొట్టడం తప్ప పాట లేదు.

నీ మీద కోపం లేదని ఒకసారి చెప్పాను. నమ్మనివాళ్ళకి రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు. బిళ్ళలు మానకు, ఆరోగ్యం చూసుకో. ఇక నాకు రాయకు.

మెలెనైతె


రాబిన్‌వేల్
2005 జూన్ 20

మా నాన్న అక్కకి,

రాయొద్దన్నారు. ఐదు నెలలు ఆగాను. ఇప్పుడు కోపం వచ్చినా సరే, ఇది చివరిదాకా చదవండి. తర్వాత చింపేయండి.

ముందు బిళ్ళల సంగతి. ఫిబ్రవరిలో, ద్రాక్ష కోతలకి మళ్ళీ షెడ్డుకి వెళ్ళి, అక్కడే కళ్ళు తిరిగి పడ్డాను. మిల్డూరా ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తంలో చక్కెర ఆకాశంలో ఉందన్నారు. ఆ బిళ్ళలు ఎందుకు వాడుతున్నారని అడిగి, మెల్లగా తగ్గించి మాన్పించారు. మెల్‌బోర్న్‌లో ప్రభుత్వాసుపత్రికి రాసిచ్చారు. అక్కడ డాక్టర్ హార్‌గ్రీవ్ అని ఒకావిడ. మనిషి బక్కగా, జుట్టు దువ్వుకోకుండా ఉంటుంది. నేను కూర్చోగానే, "నా ఒంట్లో హంతక కణాలున్నాయండీ" అన్నాను. ఆ మాట అప్పజెప్పడం అలవాటైపోయింది నాకు.

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "ఆ పేరు పెట్టినవాణ్ణి తీసుకొచ్చి మీ ముందు కూర్చోబెట్టాలని ఉంది నాకు" అంది. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. ఆ కణాల్ని ముందు రక్తంలో చూశారట, పాడైన కణాల్ని చంపుతుంటే. అందుకని ఆ పేరు. ఆ తర్వాత కడుపుతో ఉన్న ఆడదాని గర్భసంచి గోడలో చూస్తే గుంపులు గుంపులుగా ఉన్నాయట. అవి వేరే రకం. పేరొకటే, పని ఒకటి కాదు. అవి అక్కడ ఎవర్నీ చంపవు. మాయ వేళ్ళూనుకుంటున్నప్పుడు దాంతో కలిసి తల్లి రక్తనాళాల్ని వెడల్పు చేయిస్తాయి, బిడ్డకి ధారాళంగా రక్తం పారేలాగ. అవి సరిగ్గా పనిచేస్తే మంచిదట. చాలాసార్లు తంటా వచ్చేది అవి మందకొడిగా ఉన్నప్పుడేనట. నాళాలు సన్నగా ఉండిపోతాయి, బిడ్డ ఎదగదు, తల్లికి రక్తపోటు ఎక్కుతుంది.

"చేతిలోంచి తీసిన రక్తం పరీక్ష గర్భసంచిలో సంగతి చెప్పదు. వాళ్ళు మీకు అమ్మింది జవాబు కాదు" అంది.

"అయితే నా పిల్లలు ఎందుకు పోయారు?" అన్నాను.

"నాకు తెలియదు. తెలుసని ఎవరైనా అంటే వాళ్ళని నమ్మకండి. కానీ మీరు చంపలేదు. అది మాత్రం తెలుసు."

నేను అక్కడ ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు. బయట ఇంకా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆవిడ తొందరపెట్టలేదు.

ఇంటికొచ్చి హెనెలీకి చెబితే ఒక్క నిమిషంలో అర్థమైపోయింది. "అంటే తూము తీసే మనిషన్నమాట. వాడు నిద్రపోతే కాలవ నిండా నీళ్ళున్నా చెట్టు ఎండిపోతుంది" అన్నాడు. రోజూ బాదం చెట్లకి అతను చేసేది అదే పని. డాక్టరు చెప్పింది ఇంకొకటి ఉంది, బిడ్డలో సగం తండ్రిది కదా, ఆ సగం గుర్తుల్ని తల్లి కణాలు ఎలా పోల్చుకుంటాయన్నదాన్ని బట్టి కూడా ఉంటుందని ఇప్పుడిప్పుడే కనిపెడుతున్నారట. కొన్ని జంటలకి ఆ పొంతన బాగా కుదరదట. అది విన్న దగ్గర్నించి మాత్రం అతని ముఖం వాడిపోయింది. "ఇప్పుడు నా తప్పా?" అన్నాడు. ఎవరి తప్పూ కాదు, పేకముక్కలు పంచినట్టు అంది డాక్టరు.

మేనత్తా, నేను మిమ్మల్ని ఎప్పుడూ అనుమానించలేదు. ఆ మొదటి ఉత్తరంలో హంతక కణాలని రాసింది నా గురించి. మీ గురించి కాదు. నన్ను నేను దోషిననుకుంటూ రాశాను. మీరు మిమ్మల్ని అన్నాననుకున్నారు. ఇద్దరం ఒకే మాట పట్టుకుని చెరో మూల కూర్చున్నాం.

ఇంకొకటి. నాకు నాలుగో నెల వెళ్తోంది. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. అమ్మ తర్వాత ముందు మీకే చెబుతున్నాను. రోజూ చిన్న ఆస్పిరిన్ బిళ్ళ ఇచ్చారు. బీపీ రాసుకోమన్నారు. చీపురు కూడా పట్టనివ్వడు హెనెలీ. భయంగా ఉంది. సంతోషించడానికి కూడా భయంగానే ఉంది.

పిసిలా


లేఇమాతుఆ
2005 జులై 11

పిసిలా తల్లీ,

చింపలేదు. నా బైబిల్లో పెట్టుకున్నాను.

నువ్వు నన్ననలేదంటే నమ్ముతున్నాను. ముసలిదాన్ని, తొందరపడి మాట అనేశాను. మీ అమ్మ సంగతి మాత్రం నేను నమ్మను, అది వేరే విషయం.

నువ్వు రాసిందంతా చదివాను, డాక్టరు మాటల దగ్గర వేలు పెట్టుకుని నిదానంగా. నాకు కొన్ని సందేహాలున్నాయి. పొంతన కుదరడం లేదన్నారు కదా, హెనెలీ కాకుండా వేరే మొగుడైతే సరిపోతుందా? ఊరికే అడుగుతున్నాను. హెనెలీ బుద్ధిమంతుడే. నాకు నచ్చాడు. అతని వాళ్ళు పక్క దీవుల హాపాయి వాళ్ళైనా సరే నచ్చాడు. అయినా డాక్టర్ని అడగడంలో తప్పులేదు. ఈ ముక్క అతనికి చదివి వినిపించకు.

రెండోది. చంపనివాళ్ళకి హంతకులని పేరెందుకు పెట్టారు? పెట్టారు సరే, తెలిశాక మార్చొచ్చు కదా. మన పాస్టరు తన పడవకి మూడుసార్లు పేరు మార్చాడు.

మూడోది సరదాకి అడగడం లేదు. ఆ రక్తపోటు ఎక్కితే తల్లికి ఫిట్స్ వస్తాయా? కాళ్ళు వాచి, కళ్ళ ముందు మెరుపులు కనిపించి, తర్వాత ఫిట్స్? అడిగి నాకు రాయి. తప్పకుండా రాయి.

చర్చిలో నా పక్కన చాప ఇంకా ఖాళీగానే ఉంది. పాస్టరు కోడలికి మగపిల్లాడు, క్షేమంగా పుట్టాడు. నా పక్కనించి లేచిపోయింది కాబట్టే బతికాడని అత్తగారు చెప్పుకుంటోంది. సాయంత్రాలు చేరి కావా వేరు పానీయం తాగే మగవాళ్ళు కూడా ఇది మాట్లాడుకుంటున్నారంటే చూడు. నాకు విసుగొచ్చింది. తాపా షెడ్డుకి వెళ్ళడం మానలేదు. మానితే ఒప్పుకున్నట్టవుతుంది.

చేమాకుల కూర తింటున్నావా? అక్కడ కొబ్బరిపాలు డబ్బాల్లో వస్తాయట, అదైనా తిను. బరువులెత్తకు. నీ కోసం పొద్దునా సాయంత్రం ప్రార్థన చేస్తున్నాను. ఆకులూ నూనే లేవు, వట్టి ప్రార్థన. దాన్ని ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపలేరు.

మీ నాన్న అక్క
మెలెనైతె


మెల్‌బోర్న్, ఆసుపత్రి
2005 సెప్టెంబరు 24

మేనత్తకి,

పడుకునే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి.

మీరు అడిగిన మూడో ప్రశ్నకి జవాబు: వస్తాయి. సరిగ్గా మీరు రాసినట్టే వస్తాయి. నాకు తెలుసు, ఎందుకంటే ఆ అంచుదాకా వెళ్ళొచ్చాను.

ఏడోనెల దాకా బాగానే ఉంది. తర్వాత కడుపు ఎదగడం ఆగిపోయింది. కాళ్ళు వాచాయి, అందరికీ వాస్తాయిలే అనుకున్నాను. ఒక శుక్రవారం పొద్దున తల రెండు చెక్కలవుతున్నట్టు నొప్పి. గిన్నెలు కడుగుతుంటే కిటికీలో నిప్పురవ్వలు కనిపించాయి. ద్రాక్షతోట తగలబడుతోందేమో అనుకుని అమ్మని పిలిచాను. "ఎక్కడే మంట?" అంది అమ్మ. అప్పుడు మీ ఉత్తరం గుర్తొచ్చింది. మెరుపులు అని రాశారు కదా. డాక్టరు కూడా చెప్పింది, కానీ నాకు ఆ క్షణంలో మీ మాటే తట్టింది. "బీపీ చూడమ్మా" అన్నాను. అమ్మ ఆ మిషను అంకెలు చూసి చేతిలోంచి జారవిడిచింది.

మిల్డూరా నుంచి విమానంలో మెల్‌బోర్న్ తెచ్చారు. ఫిట్స్ రాకుండా చేతికి మందు ఎక్కించారు, ఒళ్ళంతా మంటలు పుట్టాయి. హెనెలీకి విమానంలో చోటు లేదు. రోడ్డు మీద ఒక్కడే బండి నడుపుకుంటూ వచ్చాడు. అతను చేరేసరికి ఆపరేషన్ అయిపోయింది.

ఆడపిల్ల. మేనత్తా, బతికుంది. రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. అద్దాల పెట్టెలో పెట్టారు. మొదటి వారం గొట్టంతో ఊపిరి, ఇప్పుడు తనే తీసుకుంటోంది, మధ్యలో ఒక్కోసారి మర్చిపోతుంది. మర్చిపోయినప్పుడు నర్సు వచ్చి అరికాలు గిల్లుతుంది. హెనెలీ అది చూసి, "అచ్చం నాలాగే, ఎవరో ఒకరు లేపాలి" అన్నాడు. ఈసారి నవ్వాను, కుట్లు లాగాయి.

డాక్టర్ హార్‌గ్రీవ్ నిన్న వచ్చింది. మాయ చూశారట, చిన్నదిగా, అక్కడక్కడ ఎండిపోయి ఉందట. నాళాలు సన్నగానే ఉండిపోయాయి. ఆ కణాలు తమ వంతు పూర్తిగా చేయలేకపోయి ఉండొచ్చు అంది. ఉండొచ్చు అనే అంది, ఖాయంగా అనలేదు. ఈ జబ్బు తల్లికి వచ్చి ఉంటే కూతురికి వచ్చే అవకాశం కాస్త ఎక్కువట. తండ్రి వైపు నుంచి కూడా రావచ్చట. మీ నాన్నగారిని కన్నప్పుడు వాళ్ళమ్మకి ఏమైనా అయిందా అని అడిగింది. నాకు ఏమీ తెలియదు. నాన్న వాళ్ళమ్మ గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. మీరు ఆ ప్రశ్న ఎందుకడిగారు మేనత్తా?

ఇంకో బిడ్డ వద్దని నాకూ హెనెలీకీ మాట్లాడుకోకుండానే తెలుసు.

పిల్లకి పేరు మీరే పెట్టండి. పెళ్ళినాడు తప్పిపోయింది ఇలాగైనా మీకు దక్కాలి. అమ్మ కూడా ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, తనే ముందంది.

పాలు పిండే వేళయింది. పిసరంత తాగుతుంది, చుక్కల లెక్కన. అయినా పిండుతూనే ఉన్నాను.

పిసిలా


లేఇమాతుఆ
2005 అక్టోబరు 15

పిసిలా తల్లికి, అద్దాల పెట్టెలో ఉన్న చిట్టితల్లికి,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే కూర్చుని చదివాను. లోపలున్న అమ్మాయి మంచినీళ్ళు తెచ్చిచ్చింది, ఎవరో పోయారనుకుంది. ఎవరూ పోలేదే అమ్మాయ్, అన్నాను.

ఎందుకడిగానో చెబుతాను. ఇది మీ నాన్నకి కూడా సరిగ్గా తెలియదు. తెలిస్తే తన పుట్టుకని తనే భరించలేడని మేమెవరమూ చెప్పలేదు.

సెమిసి పుట్టినప్పుడు నేను ఇంకా చిన్నపిల్లని. మా అమ్మ కాళ్ళు చెట్టుబోదెల్లా వాచాయి. చర్చికి చెప్పులు పట్టక వట్టికాళ్ళతో నడిచింది. పెరట్లో నిలబడి, "మిణుగురులు చూడవే, పట్టపగలు ఎన్ని మిణుగురులో" అంది నాతో. నేను వెతికాను. ఒక్కటీ లేదు. ఆ రోజే ఫిట్స్ వచ్చాయి. ముసలమ్మలు గుర్రపువాతం అన్నారు. తమ్ముడు బయటపడ్డాడు. అమ్మ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

మా అమ్మకి ఒక మేనత్త ఉండేది, లోసలీనె. అంతకు ముందు ఒక విందులో పంది మాంసం పంపకం దగ్గర ఆవిడకీ మా తాతకీ మాటామాటా వచ్చింది. ఆ రోజు ఆవిణ్ణి పరుగు మీద తీసుకొచ్చి, "కోపం వదులు, చెయ్యి పెట్టు" అన్నారు. ఆవిడ అమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి, "నాకు కోపం లేదు, నాకు కోపం లేదు" అని ఏడ్చింది. అమ్మ పోయింది. మనసులోంచి కోపం పోలేదు కాబట్టే ప్రాణం పోయిందన్నారు. ఆ తర్వాత ఆవిణ్ణి ఎవరూ విందుకి పిలవలేదు. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ ఇంటి ముందునించి నడవలేదు. ఊరి చివర ఒక్కతే ఉండి, ఒక్కతే పోయింది. మా నాన్న పాతిపెట్టడానికి కూడా వెళ్ళలేదు.

నువ్వు రాసిన కిటికీలో నిప్పురవ్వలు చదివాక నాకు ఆ ముసలావిడ గొంతే వినిపించింది. నాకు కోపం లేదు, నాకు కోపం లేదు అని. ఆ మాట నేను కూడా నీకు రాశాను కదా.

నిన్న తాపా షెడ్డుకి వెళ్ళి అందరిముందూ చెప్పాను. కర్రలు ఆపమన్నాను. కణాల సంగతి, నాళాల సంగతి, మాయ ఎండిపోవడం, అన్నీ నాకు వచ్చినట్టు చెప్పాను. మధ్యలో రెండుచోట్ల తప్పు చెప్పి ఉంటాను. లోసలీనె ఎవరినీ చంపలేదు, ఆవిణ్ణి మనమే ఉన్నన్నాళ్ళూ చంపాం అన్నాను. పాస్టరుగారి భార్య, అదే, కోడల్ని లాగిన మనిషి, "మరయితే ఎవరి తప్పు?" అంది.

"ఎవరిదీ కాదు" అన్నాను.

"ఎవరిదో ఒకరిది ఉండాలి కదా!"

"ఉండాలని నీకుంది. అంతే" అన్నాను.

వాళ్ళు కర్రలు చేతిలోకి తీసుకున్నారు. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టారు. వాళ్ళు మారిపోయారని రాస్తే అబద్ధం రాసినట్టవుతుంది. వచ్చేటప్పుడు మాత్రం ఆ కోడలు పిల్లాణ్ణి చంకనేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "కాస్త పట్టుకోండి, చెప్పు వేసుకుంటాను" అని నా చేతికిచ్చింది. ఆ చెప్పు వేసుకోడానికి చాలాసేపు పట్టింది దానికి. పిల్లాడు బరువుగా ఉన్నాడు. నీ పిల్ల కూడా అంత అవుతుంది.

పేరు సంగతి. నేను పెట్టను. అలిగి కాదు తల్లీ. నేను నీ మేనత్తని, పిల్లకి కాదు. ఆ హక్కు దాని మేనత్తది, హెనెలీ చెల్లెలు కేలెసిది. కేకు దగ్గర జరిగింది పేరు దగ్గర జరగకూడదు. కేలెసికి రాసి అడుగు, ఆ అమ్మాయి పెట్టిన పేరు నాకు రాయి.

రాసేటప్పుడు కేలెసికి ఇంకో మాట కూడా రాయి. అది ఇంకా చిన్నది, సిడ్నీలో హాయిగా తిరుగుతోంది, మేనత్త అయ్యాక తన నెత్తిన ఏం పడిందో దానికి తెలియదు. ఈ పిల్ల పెరిగి, పెళ్ళయి, ఒకరోజు కడుపుతో ఉంటుంది. నేనుండను, నువ్వు ఉంటావు. అప్పుడు దీని తల నొప్పెడితే, కాళ్ళు వాస్తే, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపోటు చూపించండి. కేలెసి ముఖం వైపు ఎవరూ చూడొద్దు.

మెలెనైతె